పదకొండో నంబరు కాగితం

నార్మన్ టాటర్సాల్ యార్క్‌షైర్ కొండల్లో ఉన్న మా హార్ల్‌షా వాడే. ఒప్పుకోవడానికి నోరు రాదు గానీ, పుట్టింది మిల్లు వీధిలో, చాపెల్‌కి ఎదురుగా మూడో ఇంట్లో. లండన్ వెళ్లి ముప్పయ్యొక్కేళ్లు సంగీతం గురించి రాసి బతికాడని అంటారు. అదీ తప్పే. పాడేవాళ్ల ప్యాంట్ల గురించి, వాళ్ల జుట్టు గురించి, వాళ్లని కన్న తల్లుల గురించి రాసి బతికాడు. పాట మాట ఎత్తితే ఒట్టు.

తండ్రి ఎర్నెస్ట్ పగలంతా మిల్లులో మేస్త్రీ, సాయంత్రమైతే ఊరి ఇత్తడి బ్యాండుకి పెద్ద. పెద్దకొడుకు విల్ఫ్రెడ్ చేతికి యుఫోనియం ఇచ్చాడు. పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని ఊదే పెద్ద బూర అది, మగగొంతులా లావుగా పలుకుతుంది. నాలుగేళ్లు చిన్నవాడైన నార్మన్‌కి కార్నెట్ అనే చిన్న బూర ఇచ్చాడు. విల్ఫ్ నిదానం మనిషి. ఒక్కో ముక్కా వందసార్లు ఊదితే గానీ పట్టుబడేది కాదు. నార్మన్‌కి ఒక్కసారి చెవిన పడితే చాలు. ఇరవైమంది కలిసి ఊదుతుంటే ఎవడు శ్రుతి దిగాడో కళ్లు మూసుకుని చెప్పగలడు. చెప్పేవాడు మాత్రం కాదు. ఎందుకంటే పన్నెండో ఏట వాడికో సంగతి తెలిసొచ్చింది. బాగా ఊదితే నాన్న ఒక్కడే తల ఊపుతాడు. కావాలని తప్పు ఊదితే వెనక వరస మొత్తం పడీపడీ నవ్వుతుంది.

అంతే, ఇక తప్పులే తప్పులు. చావు ఊరేగింపులో కూడా ఊదాడు ఒక తప్పు. రెండేళ్లు చూసి ఎర్నెస్ట్‌కి ఓపిక పోయింది. కార్నెట్ తీసుకుని బీరువాలో పెట్టేసి, భార్యతో అన్నాడు.

"వాడికి చెవి లేదే. పాపం, వాడి తప్పు కాదు. దేవుడు ఇవ్వలేదు, మనమేం చేస్తాం."

పద్నాలుగేళ్ల వెధవ మెట్ల మీద కూర్చుని ఆ మాట విన్నాడు. కాదు నాన్నా, నాకు వినపడుతుంది అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. రోజూ గంటన్నర సాధన తప్పింది, అది చాలనుకున్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో, వీధిలో, ఊళ్లో అదే ఖాయమైపోయింది. టాటర్సాల్ వాళ్ల చిన్నోడికి చెవి లేదు, పాపం.

పక్క పట్నంలో ఒక దినపత్రికలో గుమాస్తాగా చేరాడు. నాలుగేళ్లకి చాపెల్ పాటకచేరీల గురించి రాసే పని ఇచ్చారు. మొదటి క్రిస్మస్‌కే మా డొరొతీ క్లెగ్ మీద రాశాడు. ఆవిడ ఇరవై ఏళ్లుగా ఊళ్లో ఎవరు పోయినా పిలవకుండా వచ్చి పాడి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయే మనిషి. 'కుమారి క్లెగ్ పై స్థాయి అందుకోగానే, చాపెల్ తలుపు బందులకి నూనె వేయించాలన్న సంగతి అందరికీ గుర్తొచ్చింది' అని రాశాడు. పట్నంలో జనం కడుపుబ్బ నవ్వారట. డొరొతీ ఆ తర్వాతి ఆదివారం నుంచి చాపెల్ వెనక బల్ల మీద కూర్చుని, అందరూ పాడుతున్నా నోరు మూసుకుని ఉండేది. పబ్బులో క్లెగ్ వాళ్ల అబ్బాయిలు కొట్టడానికి లేస్తే విల్ఫే అడ్డం పడ్డాడు.

"ఒరేయ్, వాడికి వినపడదురా. చెవి లేదు వాడికి. లోపమున్న మనిషిని కొడతారా?"

ఆ మాట మీద క్లెగ్ వాళ్లు కూర్చున్నారు. విల్ఫ్ వాళ్లకి చెరొక గ్లాసు బీరు కూడా ఇప్పించాడు.

నార్మన్ ఇరవయ్యారో ఏట లండన్ చేరాడు. అప్పుడే గిటార్ గుంపులు పుట్టగొడుగుల్లా మొలుస్తున్నాయి, వాటి వెంట వారపత్రికలూ మొలిచాయి. వాటిలో ఒకటి 'నీడిల్'. పేరే సూది. వీడికి తగ్గ చోటే దొరికింది. చివరి పేజీ మొత్తం వీడిదే. ఆ పేజీ ఎలా తయారయ్యేదో వింటే అసహ్యం వేస్తుంది. కచేరీకి వెళ్లేదారిలో బస్సులోనే పైన శీర్షిక రాసుకునేవాడు. హాల్లో తలుపు దగ్గర కుర్చీ చూసుకుని, కోటు విప్పి దాని మీద వేసేవాడు. మూడు పాటలు చూసేవాడు, వినేవాడు కాదు. బూట్లు, ప్యాంట్లు, పాడేవాడి కణతల మీద జుట్టు, డ్రమ్ము కొట్టేవాడి పొట్ట, ఇవన్నీ చిన్న పుస్తకంలో ఎక్కించుకుని బారుకి పోయేవాడు. టాటర్సాల్ ఇంకా ఉన్నాడు అనుకోవడానికి కోటు చివరిదాకా అక్కడే ఉండేది.

ఒకసారి కోవెంట్రీ నుంచి వచ్చిన డ్రమ్ము కుర్రాడొకడు దారి కాచి అడిగాడు. "సార్, మీరు మా కచేరీకి నిజంగా వచ్చారా?"

"వచ్చాను. నా కోటు కూడా వచ్చింది. దానికి ఓపిక ఎక్కువ, చివరిదాకా ఉంది," అన్నాడు నార్మన్.

తర్వాతి వారం ఆ సంభాషణ కూడా పేజీలోకి ఎక్కింది. కుర్రాడు తిరిగి కోవెంట్రీ పోయి కార్ల కంపెనీలో చేరాడని ఎవరో చెబితే, 'మోటారు రంగానికి నా సానుభూతి' అని రాశాడు. అలా ఎన్ని గుంపులు చెదిరిపోయాయో లెక్క లేదు. అందులో పనికిమాలినవీ ఉన్నాయి, నేను కాదనను. కానీ వీడికి తేడా ఏం తెలుసు? తెలుసు. అక్కడే ఉంది వీడి నీచం. బాగా పాడేవాడు తగిలిన రోజు మూడో పాట దాకా కూడా ఉండేవాడు కాదు. నచ్చితే పేజీ నిండదు కదా.

మంచి రోజులు ఒక ఇరవై ఏళ్లు నడిచాయి. రేడియోలో పిలిచారు. వ్యాసాలన్నీ పుస్తకంగా వేస్తే జనం క్రిస్మస్‌కి బావమరుదులకి కొనిచ్చారు, బావమరుదులు దాన్ని మరుగుదొడ్లో పెట్టుకున్నారు. వాలెరీ అని ఒకావిడ పెళ్లి చేసుకుని, తొమ్మిదేళ్లు భరించి, సూట్‌కేసు పట్టుకుని వెళ్లిపోయింది. ఆవిడ పోయిందని మూడు వారాలు పేజీ నడిపాడు. మూడూ బాగున్నాయనే అన్నారు అందరూ. తల్లీ తండ్రీ పోయినప్పుడు ఒకసారి రైలెక్కి వచ్చాడు, ఒకసారి పువ్వులు పంపాడు. విల్ఫ్ ఏటా క్రిస్మస్ కార్డు వేసేవాడు. వీడు రెండేళ్లకోసారి బదులు రాసేవాడు.

తొంభై మూడు వచ్చేసరికి వీడికి యాభై ఏడు, నీడిల్‌కి కొత్త ఎడిటర్. టోబీ ఫెన్విక్ అని ఇరవై ఏడేళ్లవాడు, చెవికి పోగు, నోటినిండా చూయింగ్ గమ్. మే నెలలో ఒక సోమవారం నార్మన్‌ని గదిలోకి పిలిచి కూర్చోమని కూడా అనలేదు.

"గురువుగారూ, మీ పేజీ నేను చదివాను. మా అమ్మకి కూడా ఇచ్చాను. ఆవిడ మీ అభిమాని అట, ఒకప్పుడు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నిద్రపోయింది, చదువుతూ," అన్నాడు టోబీ. "ఆ పేజీ వీడియో గేముల కుర్రాడు అడుగుతున్నాడు. నేను ఇద్దామనే అనుకుంటున్నా. కానీ ముప్పై ఏళ్లు రాసిన మనిషి కదా, ఒక్క అవకాశం ఇస్తా. జూన్ మొదటివారం తర్వాత వచ్చే సోమవారం, ఒక్క పేజీ. నేను నవ్వాలి. గట్టిగా, బయట కూర్చున్న మొరీన్‌కి వినపడేంత గట్టిగా నవ్వాలి. నవ్వితే ఏడాదికి రాసిస్తా. లేకపోతే మీ టైప్‌రైటర్ మీరు తీసుకెళ్లొచ్చు."

నార్మన్ ఏదో చమత్కారంగా అని బయటికొచ్చి లెక్క చూసుకున్నాడు. అద్దె ఇల్లు, వెనకేసుకున్నది శూన్యం, ఇంకో పని చేతకాదు. ప్యాంట్ల మీద రాయడం తప్ప ఏమీ రాని యాభై ఏడేళ్లవాణ్ణి ఎవడు పెట్టుకుంటాడు? ఆ ఒక్క పేజీ పోతే వీధిన పడతాడు. ఆ సంగతి వాడికి బాగా తెలుసు.

ఏం రాయాలా అని వారం రోజులు గోళ్లు కొరుక్కుని, చివరికి పుట్టిన ఊరు గుర్తొచ్చింది వెధవకి. జూన్ నాలుగు, విట్ శుక్రవారం, అంటే పెంతెకొస్తు పండగ తర్వాత వచ్చే శుక్రవారం. ఆ రోజు మా కొండల్లో ప్రతి ఊళ్లోనూ ఇత్తడి బ్యాండ్ల పోటీ. బస్సుల్లో ఊరూరూ తిరిగి, వీధిలో కవాతు చేసి, చివర నిలబడి ఒక పాట ఊది, మళ్లీ బస్సెక్కి ఇంకో ఊరికి పరిగెడతారు. లండన్ వాళ్లకి ఇంతకన్నా నవ్వులాట ఏముంటుంది అనుకున్నాడు. వివరాల కోసం మా పోటీ కమిటీ కార్యదర్శి ఈనిడ్ బక్లీకి ఫోన్ చేశాడు. డెబ్బై దాటిన మనిషి, వీడికి ఆదివారం బడిలో బైబిలు చెప్పింది.

"నార్మన్, నాయనా, దేవుడు పంపినట్టు చేశావు," అంది ఈనిడ్. "మా జడ్జి ఒళ్లంతా పొక్కులతో మంచం పట్టాడు. నాలుగు రోజుల్లో ఇంకొకణ్ణి ఎక్కడ తేను? నువ్వు రా. ముప్పై ఏళ్లు సంగీతం మీద రాశావు కదా."

"నాకు చెవి లేదంటారుగా ఊళ్లో?"

"అంటారు. అయినా పేపర్లో నీ పేరు పడుతుంది. మంచి చెవి ఉన్నవాళ్ల పేరు పడట్లేదు మరి."

వీడికి లోపల ఎగిరి గంతెయ్యాలనిపించింది. జడ్జి కుర్చీలోంచే పేజీ రాయొచ్చు. వస్తానన్నాడు. అన్నయ్య ఇంకా వాయిస్తున్నాడా అని అడగబోతే ఈనిడ్ మాట తుంచేసింది.

"బ్యాండు గురించి ఒక్క ముక్క నీకు చెప్పను. నువ్వూ అడగకు. ఎవరినీ కలవకు. నేరుగా స్టేషన్ నుంచి కారవాన్‌లోకి, కారవాన్‌లోంచి స్టేషన్‌కి. రూలు రూలే."

ఆ రూలు మా దగ్గర చాలా గట్టిది. జడ్జికి వినపడాలి గానీ కనపడకూడదు. ఏ బ్యాండు వచ్చిందో తెలిస్తే మొహమాటం, పగ అన్నీ వస్తాయని మా తాతల నాటి భయం. అందుకని కవాతు ఆగే చోట ఒక కారవాన్, అంటే కారు వెనక కట్టి లాక్కెళ్లే చక్రాల గది, పెట్టి, కిటికీలకి కర్టెన్లు లాగి, బట్టలారేసే క్లిప్పులతో బిగించి, జడ్జిని లోపల కూర్చోబెడతారు. అయ్యేదాకా బయటికి రానివ్వరు. అవసరానికి మూల ఒక బకెట్టు. జడ్జి విజిల్ ఊదితే బ్యాండు మొదలెడుతుంది. బ్యాండుకి పేరు ఉండదు, నంబరే. ఒక్కో నంబరుకి ఒక్కో కాగితం. దాని మీద జడ్జి తన అభిప్రాయం చేత్తో రాయాలి, ఆఖర్న స్థానాలు వెయ్యాలి. ఫలితాలు చెప్పాక ఆ కాగితాలు బ్యాండ్లకి ఇచ్చేస్తారు. వాళ్లు బస్సులో దాన్ని గట్టిగా చదువుకుంటారు. మంచి జడ్జి కాగితాన్ని అద్దం కట్టించి పెట్టుకున్న ఇళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి.

నార్మన్ ఏం చేశాడో తెలుసా? లండన్ నుంచి వచ్చే రైల్లోనే పద్నాలుగు జోకులు రాసి పెట్టుకున్నాడు. పద్నాలుగు బ్యాండ్లకి పద్నాలుగు. బ్యాండ్లు ఇంకా బూరలు తుడుచుకుంటూనే ఉన్నాయి. అన్నిట్లోకీ మంచిది యుఫోనియం మీద. 'ఎద్దొకటి స్నానాల తొట్టిలో ఇరుక్కుపోయి, మనుషుల సాయం వద్దు, మా మేనత్తనే పిలవండి అని అరుస్తున్నట్టుంది.' అది రాసుకుని రైల్లో తనలో తనే నవ్వుకున్నాడట. ఈ ముక్క తర్వాత పేజీలో వాడే గొప్పగా చెప్పుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి ఈనిడ్ వాణ్ణి కారవాన్‌లో పెట్టి, ఒక ఫ్లాస్కు టీ, పంది మాంసం కూరిన పోర్క్ పై ఒకటి, విజిల్, కాగితాల కట్ట ఇచ్చి తలుపేసింది. లోపల చీకటిగా, కర్టెన్ బట్ట వేడెక్కిన వాసనేదో వేస్తూ ఉంది. మొదటి బ్యాండు కవాతు చేస్తూ వచ్చి ఆగింది. వీడు విజిల్ ఊదాడు. వాళ్లు మొదలెట్టారు.

అప్పుడు తెలిసొచ్చింది చిక్కు. ప్యాంట్లు లేవు. జుట్టు లేదు, పొట్ట లేదు, బూట్లు లేవు. పారిపోవడానికి బారు లేదు, కోటు వేసిపోవడానికి కుర్చీ లేదు. ముప్పయ్యొక్కేళ్లలో మొదటిసారి వాడికి వినడం తప్ప ఇంకో దారి లేకపోయింది. విన్నాడు. రెండో కార్నెట్ శ్రుతికి వెంట్రుకవాసి పైన ఉంది. బరువు బూరలు వెనకబడుతున్నాయి. మధ్యలో ఎవరో పాపం ఆవేశపడి ముందే దూకాడు. అన్నీ వినపడుతున్నాయి, పన్నెండేళ్లప్పుడు వినపడినట్టే, ఇంకా స్పష్టంగా. కాగితం మీద ఒకటో నంబరు జోకు ఎక్కించాడు. రెండుకి రెండోది. మూడుకి మూడోది. చెవి ఒకటి చెబుతుంటే చెయ్యి ఇంకోటి రాసింది. పది నంబర్లు అలాగే గడిచాయి. ఆరో బ్యాండు గోల ఎక్కువ చేసింది, దానికి మొదటి స్థానం వేద్దామనుకున్నాడు, మిగతా వాళ్లంతా ఒళ్లు మండి చస్తారని.

ఏడు కావస్తుంటే పదకొండో బ్యాండు వచ్చింది. విజిల్ ఊదాడు. పాట నడిమి భాగంలోకి రాగానే అందరూ తగ్గి, యుఫోనియం ఒక్కటీ పైకి వచ్చింది.

నార్మన్ చేతిలో ఉన్న పోర్క్ పై ముక్క కింద పెట్టేశాడు.

పాటలో ఒక వరస చివర అందరూ ఊపిరి తీసుకునే చోటు ఒకటి ఉంటుంది. ఆ ఊదే మనిషి అక్కడ ఆగలేదు. దాటిపోయి, అవతలి వరసలో ఎవరూ కనిపెట్టని చోట దొంగ ఊపిరి తీసుకుని, మళ్లీ సాగింది. ఎర్నెస్ట్ టాటర్సాల్ వంటింట్లో పొయ్యి పక్కన నిలబెట్టి, డొక్కలో వేలు పెట్టి నేర్పిన ఊపిరి అది. లోకంలో ఇద్దరికే నేర్పాడు. ఒకడు కారవాన్‌లో కూర్చున్నాడు. అంటే రెండోవాడు బయట ఊదుతున్నాడు. విల్ఫ్. అన్నయ్య.

ఇంత బాగా వాయిస్తాడని వాడికి తెలీదు. వాళ్ల నాన్న కూడా ఇంత బాగా ఊదలేదు. దాచడమెందుకు, వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది కూడా వాడే రాసుకున్నాడు, జోకుగా. పాట అయిపోయింది. వీధిలో చప్పట్లు. వాడు పదకొండో కాగితం ముందుకు లాక్కున్నాడు. 'యుఫోనియం' అని రాశాడు. ఆ మాట పక్కన ఇంకో మాట రాయడానికి పెన్ను ఆడలేదు. నిజం రాస్తే ఏమవుతుంది? సొంత అన్నకి మొదటి బహుమతి ఇచ్చినట్టవుతుంది. అందులో నవ్వేదేముంది? టోబీ చూయింగ్ గమ్ నములుతూ టైప్‌రైటర్ తీసుకెళ్లమంటాడు. అదే అన్నని గుర్తుపట్టి, గుర్తుపట్టి మరీ అట్టడుగున పెట్టాడు అంటే? నీడిల్ ఆఫీసు అంతా పొట్ట పట్టుకుంటుంది.

ఎంతసేపు ఆలోచించాడో తెలీదు. పన్నెండో బ్యాండు వచ్చి నిలబడి, విజిల్ కోసం చాలాసేపు ఎదురుచూసిందని మాత్రం బయటున్న వాళ్లు చెప్పారు. చివరికి రాశాడు. ఎద్దు, తొట్టి, మేనత్త, మొత్తం. కింద స్థానం అన్న చోట పద్నాలుగు అని వేశాడు. పద్నాలుగులో పద్నాలుగు.

ఫలితాలు చదివే దాకా కూడా ఉండలేదు. కాగితాలు ఈనిడ్ చేతిలో పెట్టి ఏడున్నర దాటగానే స్టేషన్‌కి పోయాడు. ఎండ ఇంకా కొండ మీదే ఉంది. ఎనిమిదింటికి పబ్బు మెట్ల మీద నిలబడి ఈనిడ్ స్థానాలు చదివితే వీధి వీధంతా నోరెళ్లబెట్టింది. కాగితాలు విప్పిన బ్యాండు వాళ్లు ఎవ్వరూ నవ్వలేదు. ఐదో నంబరు వాళ్లు తమ కాగితం నాలుగుసార్లు తిరగేసి, మేం ఎక్కడ తప్పామో ఇందులో లేదేంటి అని ఈనిడ్‌ని అడిగారు. ఆవిడ సిగ్గుతో తల ఎత్తలేదు.

సోమవారం టోబీ నవ్వాడు. మొరీన్‌కి వినపడేంత గట్టిగా నవ్వాడు. నీడిల్‌లో ఇరవై ఏళ్లుగా అందరి రాతల్లో తప్పులు దిద్దుతున్న మొరీన్, వీడి కాపీ మాత్రం చదివి ఏమీ అనలేదు. పేజీ నిండా అన్నయ్యే. 'నాలుగు స్వరాలు కాకముందే గుర్తుపట్టాను. పదేళ్లు ఒకే మంచం మీద పడుకున్న మనిషి ఊపిరి నాకు తెలియదా? మా నాన్న నేర్పిన దొంగ ఊపిరి. మనసు కరిగింది. కన్ను తడిసింది. కర్చీఫ్ తీసి కళ్లు తుడుచుకుని, అదే చేత్తో వాణ్ణి పద్నాలుగో స్థానంలో పెట్టాను.' పేజీ మధ్యలో పెద్ద అక్షరాలతో ఎద్దు, తొట్టి. ఉత్తరాలు సంచులకొద్దీ వచ్చాయి. టోబీ వాళ్లమ్మ నిద్రపోలేదట ఈసారి. ఏడాదికి కాగితం రాసిచ్చారు. నార్మన్ కొత్త చొక్కా కొనుక్కున్నాడు.

తర్వాతి గురువారం మధ్యాహ్నం మొరీన్ ఫోన్ ఎత్తి, "నీకే, యార్క్‌షైర్ నుంచి," అని వీడి చేతికిచ్చింది.

"ఒరేయ్ నార్మన్, నేనురా, విల్ఫ్‌ని."

"అన్నయ్యా," అన్నాడు నార్మన్. తిడతాడని రెండు రోజులుగా సిద్ధంగానే ఉన్నాడు, నాలుగు జవాబులు కూడా అనుకుని ఉంచాడు. "జలుబు చేసిందా? గొంతు ఏదోలా ఉంది."

"జలుబు కాదు. కట్టుడు పళ్లు. మూడేళ్లయింది, పైవి కిందవి అన్నీ పీకేశారు. కార్డులో రాశాను, నువ్వు చూసుకోలేదేమో. పళ్లు పోయాక బూర పెదాల మీద నిలవదు కదరా. యుఫోనియం వదిలేశాను. బ్యాండులో డ్రమ్ము కొడుతున్నా ఇప్పుడు."

నార్మన్‌కి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "మరి ఆ రోజు..."

"ఆ రోజు పదకొండు మేమే. ఊదింది షీలా ఆగ్డెన్. మా వీధిలో పోస్టు పంచుతుంది. ఉత్తరాలు వేశాక రోజూ మా ఇంటికొచ్చి నేర్చుకుంది మూడేళ్లు. నా బూరే ఇచ్చాను. నాన్న నాకెలా నేర్పాడో అలాగే నేర్పా. డొక్కలో వేలు మాత్రం పెట్టలేదు, ఆడపిల్ల కదా."

"నాకేం తెలుసన్నయ్యా? నువ్వే అనుకున్నా."

"తెలుసు. అది పేపర్లో చదివాం," అన్నాడు విల్ఫ్. గొంతు పెంచలేదు. వాడికి గొంతు పెంచడం రాదు. "నేను ఫోన్ చేసింది దెబ్బలాటకి కాదురా. షీలా నీ కాగితం చదివి బూర తెచ్చి మా వంటింటి బల్ల మీద పెట్టేసింది. ఇక ఊదనంది. ఆ రోజు నేను తనకి ఒకటే చెప్పా. అమ్మా, మా వాడి మాట పట్టించుకోకు, వాడికి చెవి లేదు, పుట్టుకతోనే లేదు, వినపడక ఏదో రాస్తాడు అని. ముప్పై ఏళ్లుగా అందరికీ అదే చెబుతున్నా. డొరొతీకి చెప్పా. పబ్బులో చెప్పా. చచ్చేముందు అమ్మకి చెప్పా. నమ్మే చెప్పానురా. షీలా కూడా నమ్మింది. సరే చూస్తాలే అని బూర తీసుకెళ్లింది."

నార్మన్ అనుకుని ఉంచిన జవాబులు నాలుగూ ఈ మాటకి పనికొచ్చేవి కావు.

"తర్వాత నీ పేపర్ వచ్చింది," అన్నాడు విల్ఫ్. "నాలుగు స్వరాలకే గుర్తుపట్టావట. ఆ ఊపిరి గుర్తుపట్టావట. అది ఈ ఊళ్లో కూడా ఎవరికీ తెలీదురా, మా బ్యాండు నడిపించే కండక్టర్‌కే తెలీదు. మూడేళ్లు నేర్పిన ఇంకో మనిషి ఊదుతుంటే, కర్టెన్ల వెనక కూర్చుని, అందులో నన్ను పట్టుకున్నావు. నాన్న కూడా పట్టగలిగేవాడు కాదు. నీకు చెవి ఉందిరా నార్మన్. అందరికన్నా మంచి చెవి. ఎప్పుడూ ఉంది. అన్నీ వినపడుతూనే రాశావు, డొరొతీ దగ్గర్నించి."

ఫోన్‌లో దూరంగా కెటిల్ మరుగుతున్న చప్పుడు.

"షీలా పేపర్ చదివి మళ్లీ వచ్చింది నిన్న. బూర బల్ల మీదే ఉంది. ఇప్పుడు తనకి ఏం చెప్పమంటావు? అది అడుగుదామనే చేశా. నీ తరఫున ఏం చెప్పాలో నాకు ఇంక తెలీట్లేదు."

నార్మన్ రిసీవర్ చెవికి ఆనించుకుని అలాగే ఉన్నాడు. అటువైపు విల్ఫ్ ఆగాడు, చాలాసేపు ఆగాడు. తర్వాత నెమ్మదిగా పెట్టేసిన చప్పుడు వినపడింది.

"ఎవరు?" అంది మొరీన్ కాగితాల మీంచి తల ఎత్తకుండా.

"ఎవరో పాఠకుడు," అన్నాడు.

మనిషన్నవాడైతే లేచి రైలెక్కాలి, కనీసం ఫోన్ తిప్పాలి. వీడు అరగంట కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత ప్యాడ్ దగ్గరికి లాక్కుని, పైన 'కట్టుడు పళ్లు' అని రాసి, కింద గీత గీశాడు. సోమవారానికి పేజీ కావాలి మరి.